మీటర్ల గది తలుపు

మొన్నటి గాలివానకు వరంగల్‌లో మా వీధంతా చీకటైంది. టార్చి పట్టుకొని నా మీటర్ల గదిలోని చేంజోవర్ స్విచ్చి పక్కన నిలబడ్డాను. ఎవరూ తలుపు తట్టలేదు. కాసేపటికి ముందింట్లో లైట్లు వాటంతటవే వెలిగాయి. చిన్నాయన కొడుకు ఇన్వర్టర్ పెట్టించాడట.

ఆ ఇల్లు ఒకప్పుడు మొత్తం మాదే. మా తాత బట్టల దుకాణం పేరు చెబితే పరకాల దాకా తెలిసేది. దుకాణం మునిగాక, పంపకాల్లో చిన్నాయన ముందు భాగం తీసుకొని మధ్య తలుపుకు ఇటుక గోడ కట్టించాడు. "మీటర్ల గది మీరే ఉంచుకోండ్రి, ఆ చీకటి కొట్టు నాకెందుకు?" అని నవ్వాడు. ఆనాటి నుంచి మా నాన్న వెనక సందులోంచే నడిచాడు. ఆయన పాడె కూడా ఆ సందు గోడలకు రాసుకుంటూనే పోయింది. అది మోస్తూనే అనుకున్నాను, చిన్నాయనను ఇదే సందులోంచి నా గడప దాకా నడిపించాలని.

అవకాశం ఆయనే ఇచ్చాడు. కొత్తగా జనరేటర్ కొన్నాడు. ఒక సాయంత్రం మా రెండు భాగాలకూ కరెంటు తెచ్చే తీగ స్తంభం దగ్గర తెగితే, రెండు చివరలా ప్లగ్గులున్న వైరును హాల్లో సాకెట్టులో గుచ్చి నడిపించాడు. మెయిన్ స్విచ్చి దించాలంటే నా గదికి రావాలి. వస్తే పరువు పోదూ! దించకపోయేసరికి కరెంటు మీటర్ల మీదుగా తెగిన తీగలోకి ఎదురెక్కి, నా గదిలోనూ బల్బు వెలిగింది. జన్మలో ఆయన మాకిచ్చింది అదొక్కటే.

బయట లైన్‌మన్ నిచ్చెన ఎక్కుతున్నాడు. ముందు మెయిన్ దించాను. ఇక తీగలో కరెంటు లేదు, ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. వీధిలోకి పరుగెత్తి గొంతెత్తాను. "అన్నా, తీగ ముట్టకు! ముందింట్ల జనరేటర్ సాకెట్ల పెట్టిండ్రు!"

లైన్‌మన్ దిగి ముందరి అరుగెక్కాడు. "ఏం పెద్దమనిషీ, నన్ను సంపుదామనుకున్నవా? నా పిల్లలకు నువ్వు పెడుతవా బువ్వ?" వీధి వీధంతా విన్నది. "మీటర్ల కాడ చేంజోవర్ పెట్టియ్యి. పిడి ఇటుంటే లైన్ కరెంట్, అటుంటే జనరేటర్. రెండు కలువనే కలువయి. అప్పటిదాంక నేను నీ తీగ కట్ట."

తెల్లారి చిన్నాయన సందులోంచి వచ్చి, నా పొట్టి తలుపు కింద తల వంచాడు.

"కొడుకా, జర పనున్నది."

"చెప్పులు బయట విడువు చిన్నాయనా."

ఆ తర్వాత కరెంటు పోయినప్పుడల్లా పిడి తిప్పడానికి వచ్చాడు. నేనూ తీరిగ్గా తాళంచెవి వెతుక్కునేవాణ్ణి. ఆయన పోయి ఏడాదైంది. పిడి మీద దుమ్ము ఇప్పటికీ తుడుస్తుంటాను. ఇన్నేళ్ళూ ఆయన్ను ఆ తలుపు బయట నిలబెట్టాననే అనుకున్నాను. కాలం మాత్రం నన్ను లోపల నిలబెట్టి తన దారిన తాను పోయింది.