వైరు లేని గిటారు

తాత నలభై ఏళ్ళు లిఫ్టులు బాగుచేశాడు. తాడు తెగితే మనిషి ఏమవుతాడో తెలిసినవాడు గనక కంటికి కనబడని దేన్నీ నమ్మడు. ఇంట్లో బల్బు మార్చాలన్నా స్విచ్చి మూడుసార్లు చూస్తాడు, నాలుగోసారి అమ్మమ్మని చూడమంటాడు. అలాంటి మనిషికి ఉద్యోగం అయిపోయాక ఎలక్ట్రిక్ గిటారు పిచ్చి పట్టింది. వీధి చివర దర్జీ నడిపే పాటల బృందంలో చేరాడు. దర్జీది కీబోర్డు, ఆసుపత్రి నర్సుది పాట, తాతది గిటారు. వారమంతా తాత బతికేది ఆ ఆదివారాల కోసమే.

ఒక ఆదివారం పాట మధ్యలో తాత గిటారు వైరు నర్సు కాలికి చుట్టుకుంది. ఆవిడ వేదిక అంచు మీదికి తూలి, మైకు స్టాండు పట్టుకుని ఎలాగో నిలదొక్కుకుంది. నవ్వేసి మళ్ళీ పాట అందుకుంది కూడా. తాత వేళ్ళు మాత్రం ఆ తర్వాత రెండు పాటలదాకా కదల్లేదు. దర్జీ మెత్తగానే చెప్పాడు, ఇకమీదట వేదిక మీద గిటారు వైరు కనబడకూడదని. పైగా వచ్చే ఆదివారం విందులో గిటారు వాయించేవాడు బల్లల మధ్య తిరుగుతూ వాయించాలట. కుదరకపోతే దర్జీ అల్లుడున్నాడు. గిటారుంది, వయసుంది.

ఆ అల్లుడి మాట తాత గుండెలో ముల్లులా దిగింది.

మర్నాడే వాయిద్యాల కొట్టుకి వెళ్ళాడు. కొట్టువాడు మూడు రకాలు చూపించాడు. మొదటిది నడుముకి కట్టుకునే పెట్టె. ధర వినగానే తాత దాని మీంచి చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు. ఇంకోటి మరీ చవక, కాని ఛానెల్ మార్చుకునే వీల్లేదు, ఏ ఫోనో అడ్డొస్తే దిక్కులు చూడ్డమే. మధ్యరకంది బొటనవేలంత ముక్కలు రెండు. ఒకటి గిటారుకి గుచ్చితే శబ్దాన్ని పంపుతుంది, ఇంకోటి యాంప్లిఫయర్‌కి గుచ్చితే అందుకుంటుంది. నాలుగు ఛానెళ్ళున్నాయి, రెండు ముక్కలూ ఒకే ఛానెల్లో ఉండాలి, అంతే.

"రెంటికీ మధ్య ఏముంటుంది?" అని అడిగాడు తాత.

"గాలి, బాబాయ్."

తాత మొహం పాలిపోయింది. తాడు లేని లిఫ్టు ఎక్కమన్నట్టే వినబడింది ఆయనకి. అయినా దర్జీ అల్లుడు గుర్తొచ్చి కొనేశాడు.

ఇంట్లో వాటికి ఛార్జింగ్ పెట్టి, పసిబిడ్డకి జ్వరమొచ్చినట్టు పక్కనే కూర్చున్నాడు. తర్వాత గిటారు శబ్దం తగ్గించి, ముక్కలు గుచ్చి, మెల్లగా పెంచాడు. పలికింది. వంటింటిదాకా నడిచాడు, గుమ్మందాకా నడిచాడు. పలుకుతూనే ఉంది. అక్కడితో ఆగితే ఆయన తాత ఎందుకవుతాడు? ఎవరి కాలో తగిలి అందుకునే ముక్క ఊడిపోతే? లిఫ్టుల పనిలో ప్రతి అతుకునీ ఇనుప డబ్బాలో పెట్టి మూత బిగించడం ఆయన అలవాటు. పాత సామాన్లలోంచి అలాంటి డబ్బా ఒకటి తీశాడు. యాంప్లిఫయర్ నుంచి జానెడు వైరు లాగి, ముక్కని దానికి తగిలించి, డబ్బాలో దాచి, నాలుగు మరలు బిగించాడు.

గిటారు గరగరమని రెండుసార్లు దగ్గి మూగబోయింది.

తాత మరలు విప్పాడు. ఛానెల్ మార్చాడు. మళ్ళీ ఛార్జింగ్ పెట్టి, తిరిగి డబ్బాలోనే బిగించాడు. వైఫై ఆపేశాడు, దాంతో ఫోన్లో చూస్తున్న అమ్మమ్మ సీరియల్ సరిగ్గా పెళ్ళి దగ్గర ఆగిపోయింది.

"ఏమండీ, అంత భయమైతే మానెయ్యండి. ఆ అల్లుడు వాయిస్తాడు, మీరు కింద కూర్చుని చప్పట్లు కొడుదురుగాని," అందావిడ.

ఆ పూట తాత అన్నం సగంలో లేచిపోయాడు.

శనివారం డబ్బాతో సహా మోసుకుని కొట్టుకి వెళ్ళాడు. కొట్టువాడు మరలు విప్పి లోపలికి చూసి నవ్వాపుకోలేకపోయాడు. "దీనికి బతికుండగానే సమాధి కట్టావేంటి బాబాయ్?" ఇనుము అడ్డుపడుతుందని, మనిషి ఒళ్ళు కూడా కొంత అడ్డేనని చెప్పాడు. ముక్కని బయట, ఎత్తు మీద, కంటికి కనబడేలా పెట్టుకోమన్నాడు.

ఆదివారం తాత అందరికన్నా ముందు హాలుకి చేరి, ముక్కని ఒక స్టాండు నెత్తిన కట్టాడు. ఖాళీ హాల్లో చివరి గోడదాకా బాగానే పలికింది. సాయంత్రానికి జనం నిండారు, రెండొందల మంది, రెండొందల ఫోన్లు. మొదటి పాటలోనే చిటుక్కుమని శబ్దం తెగింది. దర్జీ తలెత్తి చూశాడు. వేదిక పక్కన సొంత గిటారు ఒళ్ళో పెట్టుకు కూర్చున్న అల్లుడూ తలెత్తాడు. తాత గబగబా రెండు ముక్కల్నీ మూడో ఛానెల్‌కి మార్చాడు. పలికింది. కాని ఇప్పుడు కిందికి దిగి నడవాలి.

దిగాడు. స్టాండుకి వీపు తిప్పగానే ఒక స్వరం మాయమైంది. తాత గిరుక్కున వెనుదిరిగి, ఆ ముక్క మీదే చూపు నిలిపి, వెనక్కి ఒక అడుగేశాడు. పలికింది. ఇంకో అడుగు. అలా కన్నార్పకుండా వాయిస్తూ బల్లల మధ్యనుంచి వెనక్కి వెనక్కి నడిచాడు. ఒక కుర్చీని ఒరుసుకున్నాడు, ఒకావిడ ఒళ్ళో కూర్చోబోయి తప్పించుకున్నాడు. ఆయన పైప్రాణాలు పైనే పోతుంటే, జనం అదేదో విద్య అనుకుని లేచి చప్పట్లు కొట్టారు. తిరిగొచ్చేటప్పుడు మొహం ఎలాగూ స్టాండు వైపే గనక మామూలుగా నడిచాడు. అది వాళ్ళకి అంతగా నచ్చలేదు.

అంతా అయ్యాక దర్జీ మంచినీళ్ళ గ్లాసు తెచ్చి చేతికిచ్చాడు.

"అలా నడవడం నావల్ల కాదని మా అల్లుడే అనేశాడు, అన్నా. నీ చోటు నీదే."

తాత ఊపిరి పీల్చుకుని గ్లాసెత్తాడు.

"ఇందాక ఒకాయన వచ్చే నెలకి పిలిచాడు. వాళ్ళ హాల్లో మేడ ఉందట. నిన్ను మెట్లు కూడా అలాగే వెనక్కి దిగమంటున్నాడు," అన్నాడు దర్జీ.

గ్లాసు పెదవుల దగ్గరే ఆగిపోయింది. తాత ఒక గుక్క తాగి, మెట్లు ఎన్నని అడిగాడు.