చెవులు పోయాక దొరికిన రికార్డు

మీ ఇంటి పెద్దాయనకు ప్రాణమైన పాట ఏదో మీకు తెలుసా? తెలిస్తే, దాన్ని ఆయనకు ఎప్పుడు వినిపించారు? జవాబు వెతుక్కునేలోపు నా మాట వినండి. మా మైకుసెట్టు అన్న పోయిన ఆదివారం కన్నుమూశాడు.

బనగానపల్లె చుట్టుపక్కల నేను వాక్యం చెప్పిన ప్రతి కూటానికీ ఆయనే మైకు కట్టాడు. నేను బడికి పోయినవాణ్ణి కాదు, అక్షరాలు కూడా పరిశుద్ధ గ్రంథంలోనే నేర్చుకున్నాను. నా అరుపును ఊరవతలి చేలదాకా మోసినవి ఆయన హారన్లు. కూటానికి ముందు మైకు పరీక్షకు ఎప్పుడూ ఒకే రికార్డు వేసేవాడు. మిషన్ ఆసుపత్రి దొరసాని ఇంగ్లండుకు వెళ్లిపోతూ ఇచ్చింది. అట్ట మీద ఒక మనిషి బొమ్మ, మొహం ఉండాల్సిన చోట పొద్దుతిరుగుడు పువ్వు. గిటారు వెనక్కి నడిచినట్టుండేది, ఎవరో నీళ్లలోంచి పాడినట్టుండేది. మధ్యలో చర్చి ఆర్గను. ఆర్గను ఉంది గనుక ఇంగ్లీషు కీర్తనేనని అందరం నమ్మాం. అవ్వలు కొంగు నెత్తిన కప్పుకుని చేతులు జోడించేవారు.

ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి సామాను మారుస్తుంటే అది పోయింది. ఆయన వెతకని చోటు లేదు. రానురాను చెవులూ పోయాయి. "నా ప్రసంగాల వల్లేనా అన్నా?" అని కాగితం మీద రాసి చూపిస్తే నవ్వాడు. "సగం నీ గొంతుకు, సగం నా హారన్లకప్పా."

మొన్న ఎండాకాలం పాత ఆంప్లిఫయరు పెట్టె అడుగున, అట్టల మధ్య రికార్డు దొరికింది. వదిన దుమ్ము దులుపుతూ దాన్నే తిట్టింది. "చెవులున్నన్నాళ్లు యాడ సచ్చింటివే!"

వాళ్ల కూతురు ఫోనులో వెతికి పకపకా నవ్వింది. "ఇది దేవుని పాట కాదంటమ్మా! సైకడెలిక్ రాక్ అంట, మత్తులో తేలే పాటలంట. వాళ్ల దేశంలోనే దీన్ని విన్నోళ్లు లేరంట." అదే తెలుగులో టైపు చేసి నాయనకు చూపించింది. ఆయన చదివి నా వైపు తిరిగాడు. "అయితే ఏమప్పా? కూటాలకు జనం రాలేదా?"

రికార్డు పెట్టాం. ఆయన స్పీకరుకు అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఇల్లంతా ఆర్గను. చాలాసేపటికి చెయ్యి తీసేశాడు.

"అదురుతాండాది, అంతే. పాట రాలేదప్పా." కాగితం నా ముందుకు తోశాడు. "ఎట్లుండాదో నువ్వన్నా రాయి."

చెవిటివారి చెవులు తెరుచుకునే దినం గురించి గ్రంథంలో ఉంది. పేజీ తీశాను. ఆయన మొహం చూసి మూసేశాను. ఊరూరికీ నరకాన్నీ పరలోకాన్నీ కళ్లకు కట్టించినవాణ్ణి, ఆ పాట ఎట్లుందో ఒక్క ముక్క రాయలేకపోయాను. ఆయన ఎదురుచూసీ చూసీ, అట్ట మీది పువ్వును బొటనవేలితో తుడుస్తూ కూర్చున్నాడు. మళ్లీ పెట్టమని ఎన్నడూ అడగలేదు.

సమాధి చేసి వచ్చాక వదిన రికార్డు పెట్టింది. "ఇప్పుడన్నా వింటాంటాడా?" అంది. పాట అయిపోయినా ముల్లు గీరుకుంటూ తిరుగుతూనే ఉంది. ఎవరమూ ఎత్తలేదు. ఖాళీ కాగితం నా గ్రంథంలోనే ఉంది.

లేవండి. పండక్కి కాదు, తీరిక దొరికినప్పుడు కాదు. ఈ పూటే పోయి ఆ పాట పెట్టండి, మీ పెద్దాయనకు వినబడుతున్నప్పుడే.