రిక్షా వెనకాల నడక

డాక్టరుగారు నాకు షుగర్ ఉందని చెప్పి, రోజూ నడవమన్నారు. జబ్బు పేరు విని కంగారు పడలేదు గానీ, నడవమన్న మాటకి మాత్రం ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు. మా రామచంద్రపురంలో బండెక్కగల ఆడమనిషి నడుస్తానంటే ఊరు నడవనిస్తుందా?

మా అమ్మకీ షుగరే. ఆవిడకీ నడవమనే చెప్పారు. "మా ఇంటావిణ్ణి కాలు కింద పెట్టనివ్వనండి" అని మా నాన్నగారు వచ్చిన వాళ్ళందరికీ గొప్పగా చెప్పుకునేవారు. పక్క వీధికి వెళ్ళాలన్నా ఆవిడకి రిక్షానే. చివరికి పాదం మీద పుండు మానక, ఒక కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. నాన్నగారు అంతా ప్రేమతోనే చేశారు. ఆ ప్రేమని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమే.

నేను కాలవ అవతలి బళ్ళో లెక్కల టీచర్ని. తొంభైల నాటి మాట ఇది. బడికి నడిచే వెళ్ళాలని నిశ్చయించుకున్నాను. బయల్దేరానో లేదో, మా వీధి ఆవిడ రిక్షా ఆపించి పక్కకి జరిగింది.

"రండి టీచరుగారూ, ఎక్కండి."

"నడుస్తున్నానండీ."

"అదే చూస్తున్నానండి. మొహమాటమేంటండీ మన మధ్య?"

"ఆరోగ్యానికండీ."

"అయ్యో, ఒంట్లో బాలేదా! మరి నడవడమేంటండీ?"

ఇక ఏం చెప్పను? వద్దంటే నొచ్చుకుంటారు, ఎక్కితే నా నడక పోతుంది. ఆవిణ్ణి తప్పించుకుంటే వంతెన దగ్గర ఇంకొకరు, అరుగు మీదకి పిలిచి పంచదార దట్టించిన కాఫీ ఇవ్వకుండా వదలరు. మన మర్యాదకి మందు లేదు.

అయినా మానలేదు. కొత్త ఉత్సాహం పది రోజుల్లో చల్లారిపోయింది. వాన పడితే ముసుగు తన్ని పడుకోవాలనిపించేది. అప్పుడు అమ్మ గుర్తొచ్చేది, కోపం వచ్చేది, లేచి చెప్పులేసుకునేదాన్ని. కొన్నాళ్ళకి రాత్రిళ్ళు నిద్ర పట్టింది. మేడ మీది క్లాసుకి రొప్పకుండా ఎక్కగలిగాను. షుగర్ కూడా దిగిందని డాక్టరుగారు సంతోషించారు.

సంతోషించనిది ఊరే. "ఏంటండీ, మేడంగారిని నడిపిస్తున్నారంట?" అని ఆఫీసులో ఎవరో మా ఆయన్ని అడిగారు. అంతే, ఆయనకి తల కొట్టేసినట్టయింది. నాతో ఒక్క మాటైనా అనకుండా నెలవారీ రిక్షా కుదిర్చేశారు. పొద్దున్నే అది గుమ్మం ముందు నిలబడింది. అమ్మకి జరిగిందే నాకూ మొదలైంది, అదీ మా ఇంట్లోంచే.

నా సంచీ, క్యారేజీ సీటు మీద పెట్టి, "మెల్లగా పోనివ్వు బాబూ" అన్నాను. రిక్షా ముందు, నేను వెనక. అరుగుల మీద వాళ్ళంతా లేచి నిలబడి మరీ చూశారు. వంతెన దాటుతుండగా మా ఆయన స్కూటర్ మీద వచ్చి అడ్డంగా ఆగారు.

"ఎక్కు. అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి. నాకు రెండు కాళ్ళూ ఉన్నాయని తెలుస్తుంది."

ఆయన మొహం ఎర్రబడింది. పెళ్ళాన్ని నడిరోడ్డు మీద వదిలేసి స్కూటర్ మీద పోతే ఇంకా నవ్వుతారని కాబోలు, ఇంజను ఆపి, దాన్ని తోసుకుంటూ నా పక్కనే నడిచారు. పట్టుమని నాలుగు వీధులు కూడా లేవు. బడి గేటు దగ్గరికి వచ్చేసరికి చొక్కా తడిసిపోయింది, గోడకి చెయ్యి ఆనించి ఎగరొప్పుతున్నారు. నలభై దాటని మనిషి! అది చూశాక నా కోపం దిగలేదు సరికదా, దానికి భయం కూడా తోడయింది.

"రేపట్నుంచి మీరూ నడుస్తున్నారు" అన్నాను.

ఆయన కాదనలేదు. కాదనడానికి ఊపిరి అందితే కదా.