లోయ వాకిట్ల నేనేసిన ముడి

తొంభై ఆరుల, శ్రావణం రెండో సోమవారం, పగలు పదకొండున్నర. దయ్యాలు భూతాలు అనేటోళ్లను నేను మొఖం మీదనే తిట్టేటోణ్ణి. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం రాస్తున్న.

అప్పుడు మేం సూరత్‌ల, నవాగామ్‌ల ఉంటుంటిమి. నేను, నా భార్య లక్ష్మికి అన్నయ్యే రాజేశం బావ, ఇద్దరం ఒక్కటే కార్ఖానల సాంచెల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేసేటోళ్లం. ఆనాడు కరెంటు లేక కార్ఖానకు సెలవు. లక్ష్మితోని ముగ్గురం బస్సెక్కి బార్డోలీ దాటి అడవికి పోయినం.

సర్కారు కాపాడే అడవి అది. నడుమ ఇరుకు లోయ. రెండు దిక్కుల నిలువు బండలు, వెదురు, తేనెతుట్టెలు. ఎండకాలం సుత ఊట ఆగదట. కింది ఊర్ల బాయిలు దాని మీదనే బతుకుతయట. దారి చూపిన సోమాకాకా అక్కడి అడవి గూడెపోడే. "ఇది మా దేవుని ఇల్లు. ఎండు పుల్ల గూడ తీసుకపోం" అన్నడు హిందీల.

లోయ మొదట్ల రెండు చెట్లకు తెల్ల దారం కట్టి ఉన్నది. నడిమిట్ల తెగి రెండు కొసలు వేలాడుతున్నయి. బావ మొఖం కడుక్కొస్తనని లోపలికి పోయిండు. కాకా బీడీ ముట్టించుకుని దూరం పోయిండు.

తెగిన పోగు కనవడితే నేతగాని చెయ్యి ఊకోదు. కొసలు రెండు తీసి ముడేసిన. లక్ష్మి నవ్వింది: "సెలవునాడు సుత సాంచె ఇడువవా? ఎసొంటి చెయ్యయ్యా నీది!"

అన్నం మూట ఇప్పినం. బావ రాలే. పిలిచినం, పలుకలే. లోపలికి తొంగి చూస్తే మనిషి జాడ లేదు. అప్పుడొచ్చిన కాకా దారం చూసి మొఖం మార్చిండు. "ఎవరు కట్టిండ్రు? పూజ అయినంక మేమే తెంపినం. దారం కట్టి ఉంటే లోయ మూసినట్టు. లోపలున్నోడు లోపలే."

నాకు నవ్వొచ్చింది. కాకా పండ్లతోని కొరికి ముడి ఇప్పిండు. గంతల్నే బావ బండ ఎనుక నుంచి వచ్చిండు.

ఆయన లోపలికి పోయి నా గడియారంల అరగంట కాలే. వారం కింద కొన్న ఆయన చెప్పులు అడుగుదాక అరిగినయి. మడిమెలు నెత్తురు. "పొద్దు గూకేదాక నడిచిన. మీ మాటలు ఇనవడుతున్నయి, మొత్తుకుంటే ఒక్కరు పలుకకపోతిరి. గిట్ల ఇడిచిపెడుతరా?" అని బావ ఏడ్చిండు.

"రాత్రి తాగింది దిగలేదా?" అన్న నేను. ఆయన తాగడు, నాకు ఎరుకే.

ముడి సంగతి చెప్పొద్దని లక్ష్మితోని ఒట్టేయించుకున్న. కార్ఖానల బావ నడిచిన కత చెప్పి నవ్వించింది నేనే. ఆయన్ని అందరు పిచ్చోడని పిలిచిండ్రు. రెండు నెలలు ఓర్చుకుని భీవండి సాంచెలకు పోయిండు. అక్కడే పానం ఇడిచిండు, తన బుద్ధే చెడిందనుకుంటనే.

నేనే ముడేసిన అని ఒక్క మాట ఉత్తరం రాస్తే అయిపోతుండె. అప్పుడు నాకు అక్షరం రాదు, ఇంకొకరితోని రాయించుడుకు సిగ్గు. ముసలితనంల అక్షరాలొచ్చినయి. చదివెటందుకు బావ లేడు.

ఆ లోయ పొడుగు నూరడుగులు మించదు. ఆనాడే ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి చూసిన, అవుతల బండనే, తొవ్వ లేదు. చెప్పులెట్ల అరిగినయో నాకిప్పటికీ తెల్వది.

అక్కడ ఉన్నది నలుగురం. సోమాకాకా, లక్ష్మి, రాజేశం బావ, నేను. ముడేసింది నేను.