హుళిగెమ్మక్క గడప

మా వీధిలో ఎవరో ఇల్లు కడుతున్నారు. సాయంత్రం పూట కొత్త గోడలకు నీళ్లు కొడతారు. పగలంతా కాగిన సిమెంటు ఆ నీళ్లు తాగేటప్పుడు ఒక వాసన లేస్తుంది. ఆదోనిలో నేనుండే ఈ అద్దె గదికి కిటికీ ఒక్కటే, అదీ ఆ గోడల వైపే. వాసన తగలగానే లేచి రెక్కలు మూస్తాను. మూసి ఏం లాభం? ఎమ్మిగనూరులో కప్పు లేని నాలుగు గోడల మధ్య, కొంగు నడుముకు దోపి, కడవతో నీళ్లు చల్లుతూ హుళిగెమ్మక్క కళ్ల ముందు నిలబడుతుంది.

ఆమె నాకు చుట్టం కాదు. ఆదోనిలో ఒక పత్తి మిల్లులో ఆమె పత్తి ఏరేది, నేను బోరాలు మోసేవాణ్ణి. నాకంటే పదేళ్లో, ఇంకా ఎక్కువో పెద్దది. అప్పటికి నాకు మీసాలొచ్చాయి గానీ చదువు మూడో తరగతి దగ్గరే ఆగిపోయింది. మధ్యాహ్నం సంగటి తిన్నాక ఆడవాళ్లంతా పత్తి బేళ్ల నీడన కూర్చునేవారు. హుళిగెమ్మక్క బొరుగులు కట్టుకొచ్చిన పేపరు ముక్కను తొడమీద పెట్టి అరచేత్తో సాపుచేసి నాకిచ్చేది. "సదువురా ఈరా" అనేది. నేను చదివేవాణ్ణి. గట్టి మాట తగిలితే దాన్ని దాటేసి ముందుకు పోయేవాణ్ణి.

"ఆగు. ఆడొక మాట మింగినావు."

"ల్యాదక్కా."

"గుటక ఏసినావు గదరా, నాకు ఇనపడ్ల్యా? నా కూడు తిన్నా ఊరుకుంటా గాని, మాట మాత్రం మింగొద్దు."

పక్కనున్నవాళ్లు పడీపడీ నవ్వేవారు. ఆమె నవ్వేది కాదు. ఆ మాటను అక్షరం అక్షరం కూడబలుక్కుని పలికేదాకా వదిలేది కాదు. అర్థం ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. సాయంత్రం గుమాస్తా దగ్గరికి నన్ను తోసి, "అడుగుపో, అడిగితే నాలిక ఊడిపోతాదా" అనేది. గుమాస్తా విసుక్కునేవాడు, ఒక్కోరోజు చెప్పేవాడు. నా చదువంతా అదే. ఈరోజు నేను ఏ ఆఫీసులోనైనా గొంతెత్తి ఇదేం పద్ధతని అడుగుతున్నానంటే, ఆ గొంతు ఆమె పెట్టిందే.

ఆమె తల్లి ఆదోనిలోనే, ఆసుపత్రిలో పోయింది. రిక్షాలో శవాన్ని తెచ్చేసరికి ఇంటి యజమాని వాకిట్లో రెండు చేతులూ బారచాపి నిలబడ్డాడు. అద్దెకుండేవాళ్ల పీనుగు లోపలికి రాకూడదు. ఏ చెడ్డ నక్షత్రంలో పోయిందో ఏమో, నెలల తరబడి ఇల్లు పాడుపెట్టుకోవాల్సి వస్తుందని ఆయన భయం. అద్దెలు తీసుకోవడానికి ఏ నక్షత్రమూ అడ్డురాదు! ఆ ముసలమ్మను వీధిలో, మురికి కాలువ పక్కన, బోరా గుడ్డ మీద పడుకోబెట్టాం. తుంపర పడుతుంటే మిల్లు ఆడవాళ్లు ఇంకో బోరా గుడ్డను నాలుగు కొసలా పట్టుకుని పైన నిలబడ్డారు. పోయేవాళ్లు సైకిలు దిగకుండానే చూసుకుంటూ పోయారు.

హుళిగెమ్మక్క ఏడవలేదు. తల్లి ముఖం మీద నీళ్లు తుడుస్తూ, "ఒరే ఈరా, నా పీనుగ నా గడపలోనించే పోవల్ల. గుర్తు పెట్టుకో" అంది.

ఆ మాట కోసమే ఆమె బతికింది. పెళ్లి చేసుకోలేదు. మిల్లు మూతపడ్డాక ఎమ్మిగనూరు చేరి, మగ్గాల వాళ్లకు కండెలు చుట్టింది. ఊరి చివర చిన్న జాగా కొనుక్కుంది. నడుము వంగిన వయసులో ముగ్గు పోయించింది. ముందు గడప నిలబెట్టించి దానికి పసుపు పూసి, ఆ తర్వాతే గోడలు లేపించింది. కొంచెం కనిపెట్టుకుని ఉండమని కబురు పెడితే పోయాను. గోడలు కప్పు ఎత్తుకు లేచాయి. మిద్దె వేయడమే మిగిలింది. అప్పుడే లాక్‌డౌన్ పెట్టారు. దస్తగిరి మేస్త్రీ హాలహర్వికి పండక్కి పోయినవాడు అక్కడే చిక్కుకున్నాడు. సిమెంటు అంగళ్లు మూసేశారు. ఆదోనికి బస్సుల్లేక నేనూ ఆమె అద్దె గది పంచలోనే ఉండిపోయాను.

పని ఆగినా గోడలకు నీళ్లు ఆగకూడదని ఆమె పట్టు. ఆ ఎండల్లో కడవ చంకనెత్తుకుని బయలుదేరేది. నేను రెండు బిందెలు మోసేవాణ్ణి. మలుపులో పోలీసు లాఠీ అడ్డం పెట్టాడు.

"యాడికవ్వా?"

"మా ఇంటికి."

"ఇప్పుడు ఇంట్లోనించే గదా వచ్చినావు?"

"అది అద్దె రూము నాయనా. నా ఇల్లు ఆడుండాది, ఎండిపోతాంది."

అతను నవ్వాపుకుని, మూతికి గుడ్డ కట్టుకోకపోతే కేసు రాస్తానన్నాడు. మర్నాడు చూస్తే గోడకు వేలాడదీసిన దిష్టిబొమ్మ మూతికి కూడా రవిక ముక్క కట్టి ఉంది. "దాని మింద గూడా కేసు రాస్తారేమోనప్పా" అంది. మేమిద్దరం నవ్విన ఆఖరి నవ్వు అదే.

ఎండదెబ్బో మరేదో, ఆమెకు జ్వరం తగిలింది. దాంతోపాటు దగ్గు. రెండో దగ్గుకే అద్దె గది యజమాని వాకిట్లోకొచ్చాడు. అవే చేతులు, అదే బారచాపడం. మనిషే వేరు. నేను కలబడ్డాను. ఆమె నా చొక్కా పట్టి లాగింది.

"ఊరుకో. పాల ప్యాకెట్టు తీసకరా పో. మనింట్లో పాలు పొంగిచ్చుకుందాం."

"కప్పు ల్యాదక్కా."

"గడప ఉండాది గదా."

పాలు పొంగించని ఇంట్లో మనిషి పడుకోకూడదు, పీనుగు అసలే ఉండకూడదు. ఆ లెక్క ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. పురోహితుడు లేడు, బంధువు లేడు. మూడు ఇటుకలు పెట్టి, చెక్క పేళ్లు ముట్టించాం. గడపకు పసుపు రాస్తూ ఆమె రెండుసార్లు దగ్గి, గోడకు ఆనుకుని మళ్లీ రాసింది. పాలు పొంగి బూడిదలో పడ్డాయి. నెత్తిన ఆకాశం తప్ప ఏమీ లేని ఆ గదిలో చాప పరుచుకుని, "ఇంక ఎవురొచ్చి లేయమంటారో సూస్తా" అని పడుకుంది.

వచ్చారు. చుట్టుపక్కల వాళ్లెవరో ఫోను చేశారట. తెల్ల తొడుగుల్లో ముఖాలు కూడా కనపడని మనుషులు బండి దిగారు. ఆమె ద్వారబంధం పట్టుకుంది. "నేను ఎవురింట్లోనో దగ్గుతాన్నానా? నా ఇల్లిది. ఈరా, సెప్పరా." నేను చెప్పాను, అరిచాను, వాళ్ల కాళ్లకు అడ్డం పడ్డాను. ఆమె పెట్టిన గొంతు ఆరోజు ఎవరికీ వినపడలేదు. ఆమె వేళ్లను ఒక్కొక్కటే విడదీశారు. పసుపు వాళ్ల తొడుగులకు అంటింది.

తర్వాత ఫోనులో పోయిందన్నారు. శవాన్ని ఇచ్చేది లేదన్నారు. ఎక్కడ పూడ్చారో చూపించలేదు. ఏ జబ్బుతో పోయిందో ఈరోజు దాకా నాకు ఒక్కడూ చెప్పలేదు. బతికున్న మనిషిని గడప దాటించారు, చచ్చిన మనిషిని ఆ గడప దగ్గరికి రానివ్వలేదు. నేను బస్సులు తిరిగేదాకా ఉండి, రోజూ ఆ గోడలకు నీళ్లు చల్లాను. ఇంకేం చేయాలో తెలియలేదు.

ఇల్లు ఆమె తమ్ముడి కొడుక్కి వచ్చింది. పత్తికొండలో టమాటా వ్యాపారం అతనిది. మిద్దె వేయించాడు, రంగులు కొట్టించాడు. ఈమధ్య నా గది యజమాని నా వయసు చూసి ఖాళీ చేయమని సణుగుతుంటే, ఆ ఇల్లు ఖాళీగా ఉందని విని ఫోను చేశాను.

"ఏమనుకోవద్దు చిన్నాయనా. పెద్దోళ్లు మీరు. రేపేమన్నా అయితే ఇంట్లో మళ్లీ ఎవురూ దిగరు."

నమ్మకం కలగక ఎమ్మిగనూరు పోయాను. గడపకు నున్నగా ఎర్ర రంగు వేశారు. తలుపుకు బోర్డు వేలాడుతోంది. నేను వీధిలో నిలబడి, మిల్లులో బేళ్ల నీడన చదివినట్టు గట్టిగా చదివాను. "ఇల్లు అద్దెకు ఇవ్వబడును. చిన్న కుటుంబానికి మాత్రమే. ముసలివారికి, జబ్బు మనుషులకు ఇవ్వబడదు."

ఎదురింటామె బయటికొచ్చి, "ఎవురు కావల్లప్పా?" అంది.

మళ్లీ మొదటినుంచి చదివాను. ముసలివారికి అన్న దగ్గర ఆగాను. ఊపిరి తీసుకుని, ఆ మాటను అక్షరం అక్షరం పలికాను. మింగలేదు.