పెండ్లికారుకు కొత్త పెట్రోలు

సిద్దిపేటల జోసెఫ్ కారును ఒకప్పుడు అందరు పెండ్లికారు అనేటోళ్లు. తెల్లగ, బొద్దుగ, ముందట రెండు గుండ్రటి లైట్లతోని ఉండేది.

జోసెఫ్ నంగునూరు కూలోళ్ల కొడుకు. చిన్నతనంలనే ఒక విత్తనాల షావుకారి దగ్గర కారు తుడిచే పనికి కుదిరిండు. తుడుసుకుంట తుడుసుకుంటనే నడుపుడు నేర్చిండు. షావుకారి కొత్త బండి కొన్నంక పాతది జోసెఫ్‌కు ఇచ్చిండు. ఆ ఎండకాలంలనే స్వర్ణతోని పెండ్లయింది. చర్చికి తన కారు తనే నడుపుకుంట పోయిండు. "పెండ్లిపిలగాడు స్టీరింగ్ పట్టుడేందిరా?" అని మేనమామ కోపానికొచ్చినా ఇనలే.

ఆ తర్వాత ఎన్ని ఊర్ల పెండ్లిళ్లో! కారుకు బంతిపూల దండలు కట్టేటోళ్లకు "ముందట తొవ్వ కనవడేటంత జాగ ఇడిసిపెట్టున్రి" అని బతిమాలుకునేటోడు. ఊరు దాటేదాక పిల్లలు వెనక ఉరికేటోళ్లు. లగ్గాలు లేనప్పుడు నొప్పులొచ్చిన ఆడోళ్లను, పాము కుట్టినోళ్లను దవాఖానకు తెచ్చేటోడు. పూలదండ ఇప్పకముందే రోగిని ఎక్కించుకున్న రోజులు కూడ ఉన్నయి.

ఓసారి నారాయణరావుపేట దిక్కు కొండవ్వ అనే పిల్లను అత్తగారింటికి తోలుకపోతుండు. ఊరి పొలిమేర దాటినంక ఆ పిల్ల వెనకసీట్లకెల్లి మెల్లగ "అన్నా, జరసేపు ఆపవా?" అన్నది. పక్కన పెండ్లికొడుకు నిద్రపోతుండు. ముందటి సీట్ల ఆయన చిన్నాయిన కూసున్నడు. ఉత్తగ ఆపితే ఏమంటరో ఏమో. జోసెఫ్ కారును పక్కకు తీసి, బానెట్ లేపి, "ఇంజన్ కాగింది. నీళ్లు పోయాలె, జర ఆగాలె" అన్నడు. చిన్నాయిన బీడీ ముట్టించుకున్నడు. కొండవ్వ దిగి, గట్టు ఎక్కి, తన ఊరి దిక్కు చూసుకుంట నిలబడ్డది. ఏడ్వలేదు. కండ్ల నిండ చూసుకున్నది, అంతే. ఆమె మళ్ల ఎక్కేదాక జోసెఫ్ బానెట్ కిందికెల్లి తల తియ్యలేదు.

గిసొంటియి యాది చేసుకుంటె జోసెఫ్‌కు ఇప్పటికీ నవ్వొస్తది.

తర్వాత ఏసీ కార్లొచ్చినయి. పెండ్లోళ్లకు పొడుగు బండ్లు గావాల్సొచ్చింది. జోసెఫ్ కిరాయి బంద్ జేసిండు గాని కారును అమ్మలేదు. ఆదివారం చర్చికి, అప్పుడప్పుడు చుట్టాలిండ్లకు నడిపేటోడు. మిగిలిన రోజులు అది రేకుల కింద ఉండేది.

ఈ మధ్యనే కారుకు తిప్పలు మొదలైనయి. పెట్రోల్ల ఇథనాల్ కలుపుడు ఎక్కువైందని పంపు కాడ చెప్పిన్రు. పొద్దున స్టార్టయితలేదు. స్టార్టయినా దగ్గుతుంది. యాక్సిలరేటర్ తొక్కితె ముందుకు ఉరికేది పోయి వెనకకు గుంజుతుంది. ఓ ఆదివారం కోమటి చెరువు కట్ట కాడ నడిమిట్ల ఆగింది. వెనక హారన్లు. జోసెఫ్ దిగి తోసుకుంట పక్కకు తెచ్చేసరికి అంగి తడిసిపోయింది. ఒక షెడ్డుకు తీసుకపోతె అక్కడోళ్లు మంచిగనే మాట్లాడిన్రు. "అంకుల్, మా దగ్గర కంప్యూటర్ పెట్టి చూసే బండ్లే చేస్తం. దీనికి పెట్టే జాగనే లేదు. పాతినుముకు ఇయ్యరాదున్రి" అన్నరు.

జోసెఫ్ బస్సెక్కి నారాయణరావుపేట పోయిండు. అక్కడ భూపతి ఉన్నడు. ఒకప్పుడు సిద్దిపేటల, ఇంజన్‌కు పెట్రోలు గాలి కలిపి పోసే కార్బురేటర్ బాగుచేసుట్ల భూపతిది అందెవేసిన చెయ్యి. పదేండ్ల కింద షెడ్డు మూసి ఊర్ల వ్యవసాయం పట్టిండు. జోసెఫ్ పోయేసరికి మక్కచేన్ల గడ్డి కోస్తుండు. రెండుసార్లు పిలిచినా పలకలే. భుజం ముడితే తిరిగి చూసి, సంబురంతోని వాటేసుకున్నడు.

కారు సంగతి తెలిసి, తెల్లారి భూపతి తన సామాన్ల డబ్బా పట్టుకొని జోసెఫ్ ఇంటికి వచ్చిండు. బానెట్ లేపి పెట్రోలు పైపును వేలుతోని ఒత్తిండు. మెత్తగ, బంకబంకగ తగిలింది.

"చూడు, ఉబ్బింది. ఈ కొత్త పెట్రోలు పాత రబ్బరును తింటది" అన్నడు.

"మరి దగ్గుడెందుకు?"

భూపతి ఇంజన్‌ల నిప్పురవ్వ పుట్టిచ్చే స్పార్కు ప్లగ్గు ఇప్పి చూపిచ్చిండు. మొన సున్నమేసినట్టు తెల్లగున్నది. "గిది ఆకలి. ఇథనాల్ కలిస్తె ఇంజన్‌కు పెట్రోలు జర ఎక్కువ గావాలె. నీ కార్బురేటరేమో పాత లెక్కనే పోస్తుంది. గాలి ఎక్కువై, తిండి తక్కువై తూలుతుంది."

ఇద్దరు కలిసి ట్యాంకు ఖాళీ చేసిన్రు. అడుగున తుప్పు, మట్టి. కడిగి ఎండబెట్టిన్రు. ఈ పెట్రోలుకు ఆగే కొత్త పైపులేసిన్రు, ఇంజన్ కాడి పెట్రోలు పంపుల రబ్బరు మార్చిన్రు. భూపతి డబ్బాల వెతికి, పెట్రోలు పారే ఇత్తడి జెట్టు ఒకటి తీసిండు. పాతదాని కన్న దీని రంధ్రం జర పెద్దది. దాన్ని బిగిచ్చి "ఇగ స్టార్ట్ చెయ్" అన్నడు.

ఇంజన్ లేచింది, గాని ఎగుడుదిగుడుగ. ఇగ కార్బురేటర్ స్క్రూ తిప్పి, ఇంజన్ చప్పుడు ఇనుకుంట సరిచెయ్యాలె. పాత అలవాటుతోని భూపతి తల వంచి చెవి దగ్గర పెట్టిండు. స్క్రూ అటు తిప్పిండు, ఇటు తిప్పిండు. చానసేపయింది. స్క్రూడ్రైవర్ కింద పెట్టి అరుగు మీద కూసున్నడు.

"జోసెఫూ, నాకు ఇనొస్తలేదు" అన్నడు. "ఓ చెవి పూర్తిగ పోయింది. ఇంకోటి సగం. దగ్గరికొస్తె ఇనొస్తదేమో అనుకున్న."

జోసెఫ్ ఏండ్లకేండ్లు కారు లోపలనే కూసున్నడు. కాలికి, చేతికి తెలుస్తది గాని బయట నిలబడి ఆ చప్పుడు ఎన్నడూ ఇనలేదు.

గడప మీద బియ్యం ఏరుతున్న స్వర్ణ తల లేపింది. "ఇంకా సన్నగ ఈల ఏస్తుంది అన్నా" అన్నది.

భూపతికి ఇనపడలే. జోసెఫ్ ఆయన చెవిల గట్టిగ చెప్పిండు. భూపతి ఆమె దిక్కు చూసిండు. "నీకెట్ల తెలుసు చెల్లె?"

స్వర్ణ చాట పక్కన పెట్టి లేచి వచ్చింది. "ఈయన ఏ ఊరికెల్లి వచ్చినా గల్లి మలుపు కాన్నే చప్పుడు ఎరుకపట్టి పొయ్యి మీద గిన్నె పెట్టెదాన్ని. నాకు తెలువకపోతె ఎవలకు తెలుస్తది? గప్పుడు గిట్ల ఎండిపోయిన చప్పుడు లేకుండె" అన్నది.

అట్ల మొదలైంది. భూపతి స్క్రూ తిప్పుతుండు. స్వర్ణ బానెట్ కాడ కండ్లు మూసుకొని నిలబడ్డది. చెయ్యి ఎత్తితే ఇంకా తిప్పాలె, దించితే ఆపాలె. "ఇప్పుడు బరువైంది, మూల్గుతుంది" అంటె జోసెఫ్ ఆ మాట భూపతి చెవిల ఏసేటోడు. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ గింతంత మలిపి, స్పార్కు జర ముందు పడేటట్టు చేసిన్రు. భూపతి అరచెయ్యి ఇంజన్ మీద ఆనిచ్చి వణుకు చూస్తుండు. ఓసారి స్వర్ణ "అగో" అన్నది. అంతే, కండ్లు తెరువలేదు. జోసెఫ్ లోపలికి పోయి పెడలు తొక్కి చూస్తె ఆయనకు కూడ కాలి కింద తెలిసింది.

ఆ చప్పుడుల ఏముందో గాని ముగ్గురు ఎవలి పాత రోజులల్లకు వాళ్లు పోయిన్రు. భూపతి తన షెడ్డును, వరుసగ నిలబడ్డ కార్లను చెప్పుకొచ్చిండు. స్వర్ణ ఓ వానకాలం యాది చేసింది. వాగు పొంగి మూడు రోజులు కారు చప్పుడే ఇనరాలేదట, వాగు తగ్గినంక ఆ చప్పుడు ఇని బయటికి ఉరికి పొయ్యి మీది పప్పు మాడగొట్టుకున్నదట. "నాకు ఎన్నడూ చెప్పలేదేందే?" అన్నడు జోసెఫ్. "నువ్వు మాడిన పప్పు తిన్నవు, గుర్తుపట్టలే" అని నవ్వింది.

సాయంత్రం భూపతిని దించనీకి బయలెల్లిన్రు. స్వర్ణ వెనక డోరు తీస్తుంటె భూపతి ఆపి, "నువ్వు ముందట కూసో చెల్లె" అన్నడు. ముందటి సీటు ఎప్పుడూ ఎవలో పెద్దమనుషులదే ఉండె. ఆమె చీరకుచ్చెళ్లు సదురుకొని కూసున్నది. మొన్న ఆగిన చెరువు కట్ట ఎక్కేకాడ జోసెఫ్ స్టీరింగ్ గట్టిగ పట్టిండు. కారు ఆగలే, గుంజలే.

చేను కాడ దిగి భూపతి పచ్చి కంకులు ఇరిసి స్వర్ణ ఒడిల పోసిండు. "మక్కలతోని కూడ ఇథనాల్ చేస్తరట. అంటె రేపు నా చేనే నీ బండి తాగుతదేమో" అని పెద్దగ నవ్విండు. పోయే ముందు ప్లగ్గు ఇప్పి చూసిన్రు. తెలుపు పోయి ఇటుక రంగు తిరిగింది, ఆకలి తీరినట్టే.

"మైలేజీ జర తగ్గుతది, చలికాలం పొద్దున సతాయిస్తది. గది నీ తలరాత" అన్నడు భూపతి. "ఇంకోటి. ఈ పెట్రోలు నిలువ ఉంటె గాలిల తేమ పీల్చి నీళ్లు పట్టుకుంటది. రేకుల కింద దాచిపెట్టకు. వారం వారం నడుపు."

అప్పటి సంది జోసెఫ్ వారానికోసారి కారు తీస్తుండు. చర్చి కాడికి పోయొస్తె సరిపోదని స్వర్ణ ఏదో ఒక ఊరి పేరు చెప్తది. ఒకసారి నంగునూరు పోయి, జోసెఫ్ అమ్మానాయిన ఉన్న ఇల్లు కూలిన జాగ చూసొచ్చిన్రు. ఇంకోసారి ఏ పనీ లేకున్నా గజ్వేల్ దాక పోయి చాయ తాగి వచ్చిన్రు. తొవ్వల ఎవలన్నా ముసలోళ్లు చెయ్యెత్తితె ఎక్కించుకుంటరు. మొన్నొకాయన ఎక్కి, సీటు తడిమి చూసి, "మా చిన్నబిడ్డ అప్పగింతలు గీ కార్లనే అయినయి గద" అన్నడు. ఊరు వచ్చేదాక ఆయన చెప్తనే ఉన్నడు, స్వర్ణ వెనకకు మళ్లి ఇనుకుంటనే ఉన్నది.