ఓబులమ్మ గట్టు తగాదా, ఓబులమ్మ షుగరు

నల్లమాడ దగ్గర ఓబులమ్మ ఒక మనిషిని కొడితే, దెబ్బ తిన్నవాడికి నెత్తురు కారింది, కొట్టినామెకు నెత్తురు పానకమైంది. ఆమె చెమటకు చీమలు బారులు తీరాయి. చిన్నప్పుడు అబద్ధమాడితే కాన్వెంటు సిస్టర్లు వేసిన బెత్తం దెబ్బలు గుర్తొచ్చి చీమల మాట సగం వెనక్కి తీసుకుంటున్నాను. వచ్చింది ఒకటే చీమ, అదీ దారి తప్పి. పానకం మాత్రం నిజం, ఆసుపత్రి మిషనే చూపించింది.

మొగుడు పోయాక ఓబులమ్మ వానను నమ్ముకుని వేరుశనగ చేను ఒక్కతే చేసింది. పక్క చేను జయరాముడిది, ఆమెకు తమ్ముడి వరస. వాన పడి నేల దున్నకానికి పదునైతే చాలు, తెల్లారేసరికి ఎద్దులకు నేల చదును చేసే గుంటక కట్టి, ఇద్దరి నడుమ ఉన్న గట్టును ఒక నాగటి చాలు మేర గీకేసేవాడు. ఏటా అంతే. ఏటా ఓబులమ్మ తన్నేది. ఒకసారి ముల్లుకర్రతో అతని ముందుపన్ను ఊడగొట్టింది. ఇంకోసారి అతను పార కర్రతో ఆమె భుజం విరగ్గొట్టాడు. కట్టు కట్టించుకుని, మళ్లీ పదునైన రోజు ఎడమచేత్తో రాళ్లు విసిరింది.

ఈ ఏడు ఆమె కాలి బొటనవేలికి తుమ్మముల్లు దిగింది. వేలు నల్లబడింది. కదిరిలో డాక్టర్ వనజాక్షి చూసి, వేలు తీసేయక తప్పదని, ముందు షుగరు దిగాలని, దిగకపోతే గాయం మానక పాదమే పోతుందని చెప్పింది. మాత్రలిచ్చి, పరగడుపున వచ్చి రక్తం ఇమ్మంది.

ఆ దినాల్లో వాన విడిచి విడిచి పడుతూ, నేల పదును ఆరలేదు. బస్సుకు పోయే దారి చేను మీదుగానే. పోయిన ప్రతిసారీ అక్కడ జయరాముడు గుంటకతో కనబడేవాడు. అతన్ని నాలుగు తన్ని, నాలుగు తిని, ముఖం కడుక్కుని ఓబులమ్మ బస్సెక్కేది. సూది గుచ్చితే షుగరు మూడు వందలకు పైనే. రాగిసంగటి, పచ్చిమిరప చట్నీ తప్ప వేరే తిండి లేదు, ఆ పొద్దు అదీ లేదు. ఖాళీ కడుపులో చక్కెర ఎక్కడిదని కొడుకు గిరి బెల్లం డబ్బాకు తాళం వేశాడు. అత్తకు చాటుగా పాయసం పెడుతున్నావని పెళ్లాం నాగలక్ష్మి మీద చెయ్యెత్తాడు. ఆ చెయ్యి దిగకముందే ఓబులమ్మ రోకలి అతని మోచేతి మీద పడింది.

ఆసుపత్రిలో చేర్చే రోజు జయరాముడు ఏకంగా హద్దురాయే పీకేశాడు. ఓబులమ్మ అదే రాయి ఎత్తి నెత్తిన కొట్టింది. తోలు చీలి ఎముక కనబడింది. అతను ఆమె నల్లబడ్డ వేలినే చూసి తొక్కాడు. ఆమె అతని మణికట్టు పట్టి, కండ ఊడేదాకా కొరికింది. నోటి నిండా నెత్తురుతో వచ్చినామెను చూసి బస్సు కండక్టరు టికెట్టు అడగలేదు.

వార్డులో ఇన్సులిన్ సూదులు వేశారు. తిండి అదే సంగటి. షుగరు మెల్లగా దిగింది. రేపు వేలు తీసేద్దామంది డాక్టర్.

మా వైపు ఎంత తన్నుకున్నా, మంచం పట్టినవాళ్లను పలకరించి రాకపోతే ఊరు ఊరుకోదు. అందుకని జయరాముడు తలకు కట్టుతో, చేతిలో అరటిపండ్లతో వచ్చాడు.

“ఏమక్కా, బాగుండావా? గట్టు దిక్కు ఏం దిగులు పడొద్దు. పొద్దున్నే చదును చేసినా.”

ఓబులమ్మ చేతి సూది పీకేసుకుని, సెలైన్ కడ్డీ ఎత్తి అతని చెవి మీద వేసింది. రెండో దెబ్బకు పెదవి చీలింది. అరటిపండ్ల మీద నెత్తురు చిందింది. ఆయాలు ఆమెను మంచానికి అదిమి పట్టుకున్నారు. నర్సు వేలు గుచ్చి చూస్తే షుగరు మూడు వందల యాభై. అరటిపండు తొక్క కూడా ఒలవలేదు.

డాక్టర్ వనజాక్షి మిషన్ వంకా, నేల మీద కూర్చుని మూలుగుతున్న జయరాముడి వంకా చూసింది.

“నీ చక్కెర డబ్బా వీడేనమ్మా” అంది. “కొట్లాటకు దిగితే బలం కావాలని ఒళ్లు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు వదులుతుంది. అవి కాలేయంలో దాచిన చక్కెరను నెత్తుట్లోకి తోస్తాయి. ఇన్సులిన్ మాట చెల్లనియ్యవు. నీకు ఇన్సులిన్ బలం ముందే తక్కువ. పైగా పుండులో చీము, అదీ చక్కెరను పెంచుతుంది.”

“తినకపోయినా ఎక్కుతాదా?”

“ఎక్కుతుంది. కోపం చల్లారినా వెంటనే దిగదు. ఇట్లాగే ఉంటే వేలితో పోదు, పాదం తీయాల.”

ఓబులమ్మ కొడుకును పిలిచింది.

“గిరీ, సర్వేయర్ని పిలిపించు. రాయి యాడ పాతమంటే ఆడ పాతు. నేను రాను. నాకు చెప్పొద్దు.”

సూదులు పెంచారు, షుగరు దిగాక వేలు తీశారు. పాదం నిలిచింది. కొలతల రోజున నాగలక్ష్మి వాకిలికి గడియ పెట్టింది. ఓబులమ్మ మంచం పట్టెను పట్టుకుని కూర్చుంది. రాయి మీద సమ్మెట పడిన చప్పుడు ఇంట్లోకి వినబడింది. రెండు చాళ్లు జయరాముడికే పోయాయి. చీర కొంగు కొరికిందే తప్ప ఆమె లేవలేదు.

ఇదంతా రాసి ఆమెకే చదివి వినిపించాను. పుండు మానిన కాలు చాపుకుని చివరిదాకా విన్నది.

“అంతా అబద్ధం. నేను ఎవుర్నీ కొట్లేదు. జయరాముడు నాకు తమ్ముడు. వేలు గడపకు తగిలి పోయింది. నాకు షుగరే లేదప్పా.”